గంధర్వుడి పంజరం, గబ్బిలం గుడి
తెలుగులో నాగరికతా వ్యంగ్యం: ఒక పునఃపరిశీలన

మన అభ్యుదయ విమర్శకు ఒక పాత అలవాటు ఉంది. రచనలో గంధర్వుడు కనిపించినా, ఆలోచించే కుక్క కనిపించినా, భూమి బల్లపరుపుగా ఉందని వాదించే పెద్దమనిషి కనిపించినా ముందు వాస్తవికత అనే కొలబద్దను బయటికి తీస్తుంది. కొలతకు సరిపోలేదని తేలగానే ఆ పుస్తకాన్ని కాలక్షేపం ఖాతాలోనో, తిరోగమనం ఖాతాలోనో రాసేసి ముందుకు పోతుంది. ఈ అలవాటు నాకూ ఉండేది. ఎం.ఏ. చదివే రోజుల్లో విశ్వనాథ సత్యనారాయణ 'హాహాహూహూ' మీద ఒక సెమినార్ పత్రం రాశాను. అందులో 'భూస్వామ్య భావజాలం' అన్న మాట ఆరు చోట్ల వాడాను. నవలను మాత్రం సగం వరకే చదివాను. మిగతా సగం చదవకుండానే అందులో ఏముంటుందో నాకు తెలుసని నమ్మాను. ఈ వ్యాసం ఒక విధంగా ఆ పత్రానికి నేను చెప్పుకుంటున్న సంజాయిషీ. అంతమాత్రాన ఇది విశ్వనాథకు వకాల్తా కాదు.

నాగరికతను చూసి నవ్వడానికి రచయితలు కనిపెట్టిన ఉపాయాల్లో పాతది, గట్టిది ఒకటే. మన లోకం తెలియనివాణ్ణి మన మధ్యకు తేవడం, లేదా మనవాణ్ణి మరో లోకానికి పంపడం. 1726లో స్విఫ్ట్ గలివర్‌ను పంపించాడు. 1752లో వోల్టేర్ సిరియస్ నక్షత్రం నుంచి మైక్రోమెగాస్ అనే మహాకాయుణ్ణి భూమి మీదికి దించాడు. తర్వాతి కాలంలో వైజ్ఞానిక కల్పన అని పేరు పెట్టుకున్న సాహిత్యానికి ఇవే పునాదులు. గమనించవలసింది ఏమిటంటే, ఈ ఇద్దరికీ విజ్ఞానం మీద ద్వేషం లేదు. స్విఫ్ట్ దోసకాయల్లోంచి సూర్యకిరణాలు పిండే పండితులను చూపించి నవ్వాడు. ఆ నవ్వు తెలివి మీద కాదు, జనం ఆకలి పట్టని తెలివి మీద.

ఈ ఉపాయం మనకు ఆలస్యంగా రాలేదు. వీరేశలింగం 1890ల తొలి సంవత్సరాల్లో చింతామణి పత్రికలో 'సత్యరాజా పూర్వదేశ యాత్రలు' ప్రచురించాడు. గలివర్ ప్రయాణాలే తనకు దారి చూపాయని దాచుకోలేదు. సత్యరాజు ఆడమళయాళం చేరుతాడు. అక్కడ ఆడవాళ్ల పెత్తనం, మగవాళ్లకు కట్టుబాట్లు. మన ఇళ్లల్లో ఆడదాని మీద పెట్టిన ఆంక్షలన్నీ అక్కడ మగవాడి మెడకు చుట్టుకుంటాయి. వితంతు వివాహాల కోసం వ్యాసాలు రాసి, సభలు పెట్టి, తిట్లు తిని, చివరికి తన ఇంట్లోనే పెళ్లిళ్లు చేయించిన మనిషి ఈ కల్పన ఎందుకు రాశాడు? వ్యాసం చదివి వాదించేవాడు, కథ చదివి నవ్వేస్తాడు గనుక. నవ్విన తర్వాత ఎవరిని చూసి నవ్వాడో తట్టక మానదు గనుక.

దాదాపు పుష్కరం తర్వాత, 1905లో, మద్రాసు నుంచి కమలా సత్యనాథన్ నడిపిన ఇండియన్ లేడీస్ మ్యాగజైన్‌లో బెంగాల్ ముస్లిం రచయిత్రి రొకేయా 'సుల్తానాస్ డ్రీమ్' అచ్చయింది. అక్కడా మగవాళ్లు లోపలే ఉంటారు. రాజ్యం ఆడవాళ్లది. సూర్యశక్తిని పట్టి వాడుకునే విజ్ఞానం కూడా వాళ్లదే. వీరేశలింగం లోకాన్ని తలకిందులు చేసి మన తప్పు చూపించాడు. రొకేయా ఇంకో అడుగు వేసి, ఆ తలకిందుల లోకంలో విజ్ఞానం ఎవరి చేతిలో ఉంటే ఏ పనికి వస్తుందో చూపింది. సంస్కరణ యుగపు కల్పనా వ్యంగ్యం ముందుచూపుతో పుట్టిందనడానికి ఈ రెండూ చాలు.

ఇప్పుడు 'హాహాహూహూ' దగ్గరికి వద్దాం. ఇది 1930 దశకపు రచన. ఆ దశకంలోనే విశ్వనాథ మా గుంటూరులో, లూథరన్ మిషన్ వారి ఆంధ్ర క్రైస్తవ కళాశాలలో కొంతకాలం అధ్యాపకుడు. నవలలో గుర్రం తల, మనిషి శరీరం, రెక్కలు ఉన్న ఒక జీవి లండన్‌లో ట్రఫాల్గర్ స్క్వేర్‌లో పడి ఉంటుంది. హాహా, హూహూ అనేవి మన పురాణాల్లో ఇద్దరు గంధర్వుల పేర్లు. లండన్ వాళ్లకు అవేమీ తెలియవు. వాళ్లు ఆ జీవిని బోనులో పెడతారు. పత్రికలు గోల చేస్తాయి. శాస్త్రజ్ఞులు ఇది జంతువా, మనిషా అని తర్జనభర్జనలు పడతారు. ఆ జీవి మాట్లాడేది సంస్కృతమని తేలాక మొదలవుతుంది అసలు గొడవ. బోను బయటివాళ్లు పరీక్షకులు, లోపలివాడు వస్తువు అన్న లెక్క తారుమారవుతుంది. మీ నాగరికత అంటే ఏమిటి, మీ సైన్సు అంటే ఏమిటి అని లోపలివాడే ప్రశ్నలు వేస్తాడు.

చోటు చూడండి: ట్రఫాల్గర్ స్క్వేర్. సామ్రాజ్య నౌకాబలానికి గుర్తుగా నెల్సన్ విగ్రహం ఆకాశమంత స్తంభం మీద నిలబడిన చోటు. దాని పాదాల దగ్గర ఒక భారతీయ పురాణజీవి పడి ఉండడం ఊరికే వచ్చిన ఊహ కాదు. ఆ దశకం మొదట్లోనే, 1931లో, కొల్లాయి కట్టిన గాంధీ రౌండ్ టేబుల్ సమావేశానికి లండన్ వెళ్లాడు. అక్కడి పత్రికలు ఆయన బట్టనూ, మేకపాలనూ వింతగా చూసి పేజీలు నింపాయి. నవలకూ ఆ ప్రయాణానికీ లంకె ఉందని నేననను. కాని వలస ప్రభువు తన ఎదుట నిలబడిన మనిషిని ముందు జంతుప్రదర్శనశాల కళ్లతో చూస్తాడన్న సత్యం ఆ రెండింటిలోనూ ఉంది. దాన్ని పట్టుకున్న రచయితను 'తిరోగామి' అన్న ఒక్క మాటతో పక్కన పెట్టడం విమర్శ కాదు, బద్ధకం. నా సెమినార్ పత్రంలో ఉన్నది ఆ బద్ధకమే. 2018లో వెల్చేరు నారాయణరావు ఇంగ్లీషు అనువాదం పెంగ్విన్ ద్వారా వచ్చాక, మన పుస్తకాన్ని బయటివాళ్లు కొత్తగా చదువుతుంటే, నేను నా పాత పత్రం తీసి చూసుకుని సిగ్గుపడ్డాను.

ఐతే అభ్యుదయ విమర్శకు ఇక్కడ పని లేదా? ఉంది. అసలు పని ఇక్కడే మొదలవుతుంది.

మా మిర్చి యార్డులో కాటా దగ్గర నిలబడ్డ రైతు ముందు తన టిక్కీని చూడడు, తూనిక రాయిని చూస్తాడు. వ్యంగ్య రచనను కూడా అలాగే చూడాలని నా అభిప్రాయం. ఎవరిని తూచాడు అన్నది రెండో ప్రశ్న. ఏ రాయితో తూచాడు, ఆ రాయిని ఎవరైనా తూచారా అన్నది మొదటి ప్రశ్న. స్విఫ్ట్ చివరి ప్రయాణంలో వివేకం గల గుర్రాలను చూపి మనిషి పశుత్వాన్ని తూచాడు. ఐతే ఆ గుర్రాలను ఆరాధించి ఇంటికి తిరిగొచ్చి, పెళ్లాం పిల్లల వాసన భరించలేక గుర్రపుశాలలో కూర్చున్న గలివర్‌ను చూసి కూడా మనచేత నవ్వించాడు. వోల్టేర్ మహాకాయుడు మనుషులకు సృష్టి రహస్యం చెప్పే గ్రంథం ఇచ్చి వెళతాడు. విప్పి చూస్తే అన్నీ తెల్ల కాగితాలే. అంటే తూచేవాడు కూడా కాటా ఎక్కాడు.

విశ్వనాథ గంధర్వుడు కాటా ఎక్కడు. అతని ప్రశ్నలు పదునైనవే, కాని అవి ఒకే దిక్కుకు వెళతాయి. తూర్పు తూచే రాయి, పడమర తూగే సరుకు. 'విష్ణుశర్మ ఇంగ్లీషు చదువు'లోనూ ఇదే పద్ధతి. విష్ణుశర్మ, తిక్కన ఒక అధ్యాపకుడి కలలోకి వచ్చి ఇంగ్లీషు నేర్పమంటారు. ఆ భాషలోని అడ్డదిడ్డాలు చూసి ముక్కున వేలేసుకుంటారు. ఆ నవ్వు నిజమైనది. ఇంగ్లీషు స్పెల్లింగుతో కుస్తీ పట్టే పల్లెటూరి పిల్లలకు పాఠం చెప్పే నాకు అది ఇంకా బాగా తెలుసు. కాని ఆ చదువైనా దొరకని వాళ్లెవరు, సంస్కృతం ఎవరి చెవిన పడకుండా శతాబ్దాలు కాపలా కాశారు అన్న ప్రశ్న ఆ కలలోకి రాదు. లండన్ బోను కనిపించిన కంటికి ఊరి చివర బోను కనిపించలేదు.

ఆ బోను కనిపించినవాడు మా గుంటూరు గడ్డ మీదే ఉన్నాడు. చరిత్ర కూడా ఒక్కోసారి వ్యంగ్యం రాస్తుంది. విశ్వనాథ పుట్టిన 1895 సెప్టెంబరులోనే వినుకొండలో జాషువా పుట్టాడు. అతని ఇంటిపేరు గుర్రం. ఆయన తలచుకున్నది గంధర్వుణ్ణి కాదు, గబ్బిలాన్ని. 1941 నాటి 'గబ్బిలం'లో అంటరానివాడు తన బాధ కాశీలోని శివుడికి చెప్పమని గబ్బిలాన్ని పంపుతాడు. మేఘాన్నీ హంసనూ దూతలుగా పంపిన కావ్య సంప్రదాయంలో గబ్బిలం అడుగుపెట్టడమే పెద్ద వ్యంగ్యం. దాని వెనక ఉన్న తర్కం ఇంకా పెద్దది: గుడిలో గబ్బిలానికి చోటుంది, మనిషికి లేదు. కొమ్మకు తలకిందులుగా వేలాడే జీవి లోపల ఉంటే, నిటారుగా నడిచే జీవి బయట ఉన్నాడు. ఇంతకంటే అసంబద్ధమైన లోకాన్ని ఏ వైజ్ఞానిక కల్పన సృష్టించగలదు? 'గబ్బిలం' వైజ్ఞానిక కల్పన కాదు, నిజమే. కాని నాగరికత అనే మాటను తూచిన రచనల్లో దాన్ని 'హాహాహూహూ' పక్కన పెట్టి చదవకపోతే మన సాహిత్య చరిత్ర ఒంటికన్నుదే అవుతుంది. 1922లో 'మాలపల్లి' వచ్చిన జిల్లాలో చదివి, పాఠం చెప్పుకుంటున్న నాలాంటివాడు ఈ మాట చెప్పకపోతే తప్పు.

మన వైపుకు కూడా కాటా తిప్పుకుందాం. పంజరం అనగానే నాకు మయకోవ్‌స్కీ 'నల్లి' నాటకం గుర్తొస్తుంది. 1929లో వచ్చింది. మంచులో గడ్డకట్టిన ఒక అల్పబుద్ధి మనిషిని యాభై ఏళ్ల తర్వాత, 1979లో, కొత్త సమాజం బతికించి, వాడి ఒంటి మీది నల్లితో సహా జంతుప్రదర్శనశాలలో పెడుతుంది. ఆ మనిషిని చూసి నవ్వుతాం. మరుక్షణం, మనిషిని బోనులో పెట్టి టిక్కెట్టు లేని వినోదంగా చూసే ఆ పరిశుభ్రమైన భవిష్యత్తును చూసి ఉలిక్కిపడతాం. తాను కోరుకున్న సమాజాన్నే కాటా ఎక్కించిన విప్లవ కవి అతను. 1936లో చెక్ రచయిత చాపెక్ 'సాలమండర్లతో యుద్ధం'లో సముద్రజీవులను కూలికి పెట్టి, ఆయుధాలిచ్చి, చివరికి కాళ్ల కింది నేలనే పోగొట్టుకున్న వ్యాపార నాగరికతను చూపించాడు. ఈ ఇద్దరినీ మనవాళ్లే అంటాం. మరి 1943 ఫిబ్రవరిలో తాపీ ధర్మారావు అధ్యక్షతన తెనాలిలో అభ్యుదయ రచయితల సంఘం పుట్టిన నాటి నుంచి మనం ఈ మార్గాన్ని ఎంత వాడుకున్నాం? వాస్తవికత మన బలం, అనుమానం లేదు. కాని అది అలవాటుగా మారాక నవ్వు పలచబడింది.

కల్పన అంటే హేతువాదానికి పగ అనుకునేవాళ్లకు కొడవటిగంటి కుటుంబరావు ఒక్కడు చాలు. తెనాలివాడు, భౌతికశాస్త్రం చదివినవాడు, విరసం వ్యవస్థాపకుల్లో ఒకడు. ఆయనే దాదాపు మూడు దశాబ్దాలు, 1980లో చనిపోయేదాకా, చందమామ వెనక ఉన్నాడు. శవంలోని బేతాళుడు ప్రతి నెలా ఒక కథ చెప్పి ఒక చిక్కు ప్రశ్న వేసేవాడు. ఆ ప్రశ్నకు సమాధానం మంత్రంలో ఉండదు, తర్కంలో ఉంటుంది. మా తరం తర్కం నేర్చుకున్నది లాజిక్ పుస్తకంలో కాదు, ఆ చెట్టు కింద.

ఇక నా ప్రాంతం సంగతి. 1967లో నాగార్జునసాగర్ నీళ్లు వదిలాక కుడికాలువ కింద గుంటూరు, ప్రకాశం నల్లరేగళ్లలో పత్తి, మిరప కొత్త ఊపు అందుకున్నాయి. 1987లో నాకు ఏడేళ్లు. మా నాన్న మూడెకరాలు కౌలుకు తీసుకుని పత్తి వేశాడు. ఆ ఏడు తెల్లదోమ వచ్చింది. ఆకు కింద పిండి చల్లినట్టు దోమ, ఆకు మీద జిగట, జిగట మీద మసి. తెల్లగా పగలాల్సిన పత్తి నల్లబడింది. కొట్టిన మందే మళ్లీ కొట్టాడు, తర్వాత రెండు కలిపి కొట్టాడు, ఆ తర్వాత మూడు. 'దీంతో పోకపోతే ఇంకోటి కలుపు బావా' అని అప్పుమీద సీసా ఇచ్చేవాడు మందుల కొట్టాయన. దోమ పెరిగింది. అప్పు పెరిగింది. ఆ 1987-88లో ప్రకాశం, గుంటూరు జిల్లాల్లో పత్తి రైతుల ఆత్మహత్యలు దేశానికి తెలిశాయి. మా వీధిలో ఒక పెద్దాయన పోయాడు. దోమను చంపలేని మందు మనిషిని చంపింది.

కారణం తర్వాత కీటకశాస్త్రజ్ఞులే చెప్పారు. కాయతొలుచు పురుగు కోసం ఎడాపెడా కొట్టిన సింథటిక్ పైరిత్రాయిడ్లు తెల్లదోమను తినే మిత్ర పురుగులను తుడిచిపెట్టాయి. అదుపు చేసేది లేక దోమ విజృంభించింది. అంటే మందు కొట్టినకొద్దీ పురుగు పండింది. 2002లో బీటీ పత్తి వచ్చింది. కొన్నేళ్లు కాయతొలుచు పురుగు లొంగింది, ఆ తర్వాత గులాబీరంగు పురుగు దానికి అలవాటు పడింది. 2021-22లో మిరప మీదికి నల్ల తామరపురుగు వచ్చి తోటలకు తోటలే పీకించింది. ఈ మధ్య తొమ్మిదో తరగతిలో ఒక కుర్రాడు, వాళ్ల నాన్న మిరప రైతు, లేచి అడిగాడు: "సార్, మందు పురుగుకా, మాకా?" నా దగ్గర పాఠం ఉంది, జవాబు లేదు. స్విఫ్ట్ దోసకాయ పండితుల పక్కన కూర్చోబెట్టదగిన ప్రశ్న అది. ఏడేళ్ల వయసులో చూసిన దాన్ని నలభై దాటినా నేను కథగా రాయలేకపోయాను. రాయబోయిన ప్రతిసారీ అప్పుల లెక్కలు వచ్చాయి, ఏడుపు వచ్చింది, నవ్వు రాలేదు. ఆ నవ్వు లేకపోవడం వల్లనే అందులోని అసంబద్ధత, అంటే వ్యవస్థ, కాగితం మీదికి రాలేదని ఇప్పుడు అనిపిస్తోంది.

ఇక్కడొక హెచ్చరిక అవసరం. 'చూశారా, సైన్సు ఇంతే, మన పూర్వులకు అన్నీ తెలుసు' అనేవాళ్లు ఈ కథను ఎగరేసుకుపోవడానికి సిద్ధంగా ఉన్నారు. 2019 జనవరిలో జలంధర్‌లో జరిగిన భారత సైన్స్ కాంగ్రెస్‌లో మన రాష్ట్రపు విశ్వవిద్యాలయ ఉపకులపతి ఒకరు కౌరవులు టెస్ట్‌ట్యూబ్ శిశువులని ప్రసంగించారు. గంధర్వుణ్ణి బోనులో పెట్టిన లండన్ శాస్త్రజ్ఞుల కంటే ఇది పెద్ద ప్రహసనం. వ్యంగ్య రచయిత అంతకు మించి ఏం రాయగలడు? కాని తెల్లదోమ ఎందుకు పెరిగిందో మనకు చెప్పింది పురాణం కాదు, తన తప్పును తాను లెక్కగట్టుకున్న శాస్త్రమే. ప్రశ్నించే శాస్త్రం వేరు, సీసాలో పోసి అప్పుమీద అమ్మే శాస్త్రం వేరు. విశ్వనాథ ఈ రెంటినీ విడదీయలేదు. ఆయనను ఖండించే ఊపులో మనమూ విడదీయలేదు. ఆయన రెంటినీ కలిపి నవ్వాడు, మనం రెంటినీ కలిపి మొక్కాం.

ఈ చిక్కును తెలుగులో అందరికంటే బాగా విప్పినవాడు పతంజలి. 1952లో విజయనగరం ప్రాంతపు అలమండలో పుట్టి, జీవితమంతా పత్రికల్లో పనిచేసి 2009లో పోయాడు. అతని గోపాత్రుడు భూమి గుండ్రంగా లేదు, బల్లపరుపుగా ఉందంటాడు. ఊరు రెండుగా చీలుతుంది. కథ 'పిలక తిరుగుడు పువ్వు'లో న్యాయస్థానం దాకా నడుస్తుంది. ఇందులో సైన్సు ఓడిందా, గెలిచిందా అని అడగడం పొరపాటు. భూమి గుండ్రమని నమ్మేవాళ్లలో ఎంతమంది దాన్ని రుజువు చేయగలరు? పెద్దవాళ్లు చెప్పారని ఒకరు, పుస్తకంలో ఉందని ఒకరు, పగవాడు కాదంటున్నాడని ఒకరు నమ్ముతారు. గోపాత్రుడు మూర్ఖుడే, ఐతే అతని ప్రత్యర్థుల విజ్ఞానం కూడా అతని మూర్ఖత్వం లాంటి నమ్మకమే. సత్యం మీద తగాదా క్షణంలో పరువు మీద, కులం మీద, ఎకరాల మీద తగాదా అవుతుంది. పతంజలి ఎవరినీ పైనుంచి దించలేదు. తన ఊరివాణ్ణి, తన వర్గంవాణ్ణి, తన ఇంటి దివాణాలను కాటా ఎక్కించాడు. 'వీరబొబ్బిలి'లో ఆ పని కుక్కకు అప్పగించాడు. అందుకే అతని నవ్వులో విషం లేదు, దాపరికమూ లేదు.

మొత్తం మీద ఈ చరిత్రలో మూడు చూపులున్నాయి. వీరేశలింగం ముందు నిలబడి వెనకబాటును చూసి నవ్వాడు. విశ్వనాథ వెనక నిలబడి ముందుకు పోయేవాళ్లను చూసి నవ్వాడు. జాషువా, పతంజలి నిలబడిన చోట్లు వేరు. ఒకడు గుడి బయట, ఒకడు కూలుతున్న లోగిలి లోపల. కాని ఇద్దరూ తామున్న నేల మీదే నిలబడి చూశారు. అభ్యుదయ రచయిత నేర్చుకోవలసింది ఈ మూడో చూపు నుంచి. ఐతే మొదటి రెండింటినీ చదవకుండా అది పట్టుబడదు.

సాహిత్య విద్యార్థులకు నా మనవి ఒక్కటే. 'హాహాహూహూ'ను పూర్తిగా చదవండి, నాలా సగంలో ఆపకండి. పూర్తయ్యాక 'గబ్బిలం' తెరవండి. రచయిత మిత్రులకు ఇంకో మనవి. మందుల కొట్టు ముందు, కోల్డ్ స్టోరేజీ ముందు, యార్డు కాటా ముందు ఇవాళ ఒక గంధర్వుడు పడితే ఏం జరుగుతుందో రాయండి. వాడు పైనుంచి వచ్చాడు గనుక అన్నీ తెలిసినవాడు అనుకోవద్దు. వాడిని కూడా అప్పు అడగనివ్వండి, మందు కొట్టనివ్వండి, పంట పోగొట్టుకోనివ్వండి. మా తొమ్మిదో తరగతి కుర్రాడి ప్రశ్న ఇంకా నల్లబల్ల మీదే ఉంది.